ఖాళీగా కూర్చున్న నలభై ఆరు

ప్రత్యేకాధికారి విశ్వంభరరావుగారు నీటి పంపిణీ కంప్యూటర్ విభాగంలో చార్జి తీసుకున్న మూడో రోజున, తన గదిలోని పెద్ద తెర మీద ఒక ఘోరం కనిపెట్టారు. తెరకు కుడిపక్క మూలన చిన్న గడిలో ఇలా ఉంది: మొత్తం కనెక్షన్లు యాభై. పనిలో ఉన్నవి నాలుగు. ఖాళీగా ఉన్నవి నలభై ఆరు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పనిలో ఉన్నవి ఒకసారి ఆరయ్యాయి, అంతలోనే మూడుకు దిగాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చాలా ఆఫీసులు తనిఖీ చేశారు. యాభైమందిలో నలభై ఆరుగురు పనిలేకుండా కూర్చోవడం ఆయనకు కొత్త కాదు. ఆ సంగతిని తామే గోడ మీద రాసి పెట్టుకోవడం మాత్రం ఎక్కడా చూడలేదు. వెంటనే బెల్లు కొట్టి హైమావతిని పిలిపించారు.

మజ్జి హైమావతి ఆ విభాగానికి ఏకైక ప్రోగ్రామరు, కాంట్రాక్టు మనిషి. తెర మీద కనిపించే సరంజామా అంతా ఆమె చేతి మీదుగా వచ్చిందే. ఆ నగరంలో కొండల మీద, మెట్టల మీద ఉన్న కాలనీలకు ఎనభై ట్యాంకర్లు నీళ్ళు తోలుతాయి. ప్రతి ట్యాంకరూ ఐదు సెకన్లకోసారి తానెక్కడుందో కబురు పంపుతుంది. ఆ కబుర్లను డిస్కు మీద రాసుకుంటూ కూర్చుంటే ఆలస్యమవుతుందని, అన్నీ మెమరీలోనే పెట్టుకునే డేటాబేసు ఒకటి తెచ్చారు. అడిగిన మరుక్షణం జవాబు చెబుతుంది. జనం ఫోన్లలోని యాప్‌కీ ఆ డేటాబేసుకీ మధ్య మాటలు మోసే పని క్లయింట్ లైబ్రరీ అనే రెడీమేడ్ ప్రోగ్రాముది. అది యాభై కనెక్షన్లు ముందే తెరిచి సిద్ధంగా ఉంచుతుంది. ఎవరైనా అడగగానే ఖాళీగా ఉన్నదొకటి వెళ్ళి జవాబు తెచ్చి ఇచ్చి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. ఒకసారి జవాబు రాకపోతే మూడుసార్ల దాకా అడుగుతుంది. ఇంతా చేసి ఎవరినీ జీతం అడగదు, సెలవు అడగదు.

హైమావతి ఇదంతా ఆఫీసు కోసమే చేసిందనుకుంటే పొరపాటు. దిబ్బలమెట్ట మీద ఉండే తన పిన్ని నూకరత్నం కోసం చేసింది. తల్లి పోయాక హైమను పెంచి, చదివించి, ఇంజనీరింగు దాకా లాక్కొచ్చింది ఆ పిన్నే. మెట్ట మీదికి రెండువందల నలభై మెట్లు. ట్యాంకరు అడుగున ఆగుతుంది, పది నిమిషాలుండి పోతుంది. పొద్దున ఐదున్నర మొదలు ఏడున్నర దాకా ఎప్పుడైనా రావచ్చు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, హైమేమో ఐదింటికే డ్యూటీకి పోవాలి. కింద కాపలా కూర్చుంటే పైన పొయ్యి వెలగదు, పైన వంట చేసుకుంటే కింద నీళ్ళు దొరకవు. దొరకకపోతే పక్క పేట బోరింగు దాకా పోయి క్యూలో నిలబడాలి. నూకరత్నం రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోతుంది. ఎనిమిదింటికి గేటు వేసేస్తారు. మూడు లేటు గుర్తులు పడ్డాయంటే మనిషిని మాన్పించేస్తారు.

హైమ యాప్ వచ్చాక ఈ బాధ తీరింది. ట్యాంకరు రైల్వే గేటు దగ్గరికి రాగానే ఫోను కూస్తుంది. ఆ గేటు దగ్గర ఏ బండైనా పావుగంట పడి ఉండాల్సిందే. అక్కణ్ణుంచి మెట్ట దాకా ఇంకో ఐదు నిమిషాలు. వెరసి ఇరవై నిమిషాలు చేతిలో ఉంటాయి. ఆ ఇరవై నిమిషాల్లో నూకరత్నం అన్నం వార్చుకుని, జడ చుట్టుకుని, రెండు బిందెలతో దిగేది. మెట్ట మీది ఆడవాళ్ళంతా హైమను అమ్మాయిగారూ అనడం మొదలుపెట్టారు. ఆ పిల్లకు అది లోపల్లోపల గర్వంగానే ఉండేది.

అలాంటి కనెక్షన్ల గురించి విశ్వంభరరావుగారు తెరకేసి వేలు చూపించి, వీళ్ళెందుకు ఖాళీగా ఉన్నారని అడిగారు. సిద్ధంగా ఉన్నాయి సార్, అంది హైమ. సిద్ధంగా ఉండడం పని కాదని ఆయన అభిప్రాయపడ్డారు. కనెక్షను కొత్తగా తెరవాలంటే ఎక్కువ సమయం పడుతుందనీ, తలుపు తట్టి, ఎవరో చెప్పుకుని, పాస్‌వర్డు చూపించి లోపలికి రావాలనీ, అసలు ప్రశ్న కంటే ఈ తతంగమే పెద్దదనీ, అందుకే ముందే తెరిచి ఉంచుతారనీ ఆమె చెప్పింది. అర్థం కావడానికి ఫైర్ స్టేషన్ను ఉదాహరణ చెప్పింది. నిప్పంటుకోని రోజున కూడా అక్కడ మనుషులు కూర్చునే ఉంటారు కదా, అని.

విశ్వంభరరావుగారు ఆ మాటను శ్రద్ధగా విన్నారు.

"అగ్నిమాపక శాఖ వేరే డిపార్టుమెంటమ్మా," అన్నారు. "వాళ్ళ నిబంధనలు మనకు వర్తించవు."

సాయంత్రానికి మెమో వచ్చింది. "పని లేని కనెక్షన్లను కొనసాగించుట విభాగపు క్రమశిక్షణకు భంగకరము. ఇకపై ఏ కనెక్షనైననూ పని పడినప్పుడు మాత్రమే విధులలో చేరి, పని ముగిసిన వెంటనే రిలీవు కావలయును. ఖాళీగా ఉన్నవాటి సంఖ్య సదా సున్నాగా ఉండునట్లు ప్రోగ్రామరు బాధ్యత వహింపవలెను."

హైమ ఒక పది కనెక్షన్లనైనా దాచిపెడదామని చూసింది. కానీ తెర మీది గడి అబద్ధం చెప్పే రకం కాదు. పది అని పడగానే బెల్లు మోగింది. ఆమె తన చేత్తోనే ఆ పదింటినీ రిలీవు చేసింది.

మర్నాటి నుంచి పొద్దున ఆరింటికి వేలమంది ఫోన్లు ఒకేసారి అడిగేసరికి ప్రతి ప్రశ్నకూ ఒక కనెక్షను కొత్తగా తలుపు తట్టి, పేరు చెప్పి, పాస్‌వర్డు చూపించి, జవాబు పట్టుకుని, సెలవు తీసుకుని పోవాల్సి వచ్చింది. ద్వారం దగ్గర తోపులాట మొదలైంది. ఇరవై నిమిషాల ముందు రావాల్సిన కబురు ఎనిమిది నిమిషాల ముందు వచ్చింది. ఎనిమిది నిమిషాల్లో రెండువందల నలభై మెట్లు దిగడం కష్టం కాదు. దిగి, క్యూలో నిలబడి, బిందెలు నింపుకోవడం కష్టం. ఆ వారం నూకరత్నం రెండు రోజులు ఒక్క బిందెతోనే సరిపెట్టుకుంది, ఒకరోజు బోరింగుకు పోయింది. మొదటి లేటు గుర్తు పడింది.

ఆఫీసులో మాత్రం ఖాళీగా ఉన్నవి సున్నా. విశ్వంభరరావుగారు ఆ గడిని ఫోటో తీసి పైకి పంపారు.

ఆలస్యమవుతోందని ఫిర్యాదులు వస్తే ఆయన వాటిని కొట్టిపారేసే మనిషి కాదు. నిజాయితీపరుడు, కష్టపడేవాడు. లంచ్ కూడా తెర ముందే తిని కారణం వెతికారు. కంప్యూటరు చిట్టాలో ఒకే ప్రశ్న మూడేసి సార్లు కనిపించింది. మొదటిసారి వేళ మించిపోయి జవాబు రాకపోతే లైబ్రరీ మళ్ళీ అడుగుతుంది, ఇంకా రాకపోతే ఇంకోసారి అడుగుతుంది. హైమ అది దాని మంచి గుణమని చెప్పబోయింది. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

తిరస్కరింపబడిన అర్జీని అదే అధికారి ముందు, అదే రోజున, మళ్ళీ పెట్టడమంటే ఏమిటో ఆమెకు తెలుసా అని అడిగారు. తిరస్కరణ మీద పై అధికారికి అప్పీలు చేసుకోవాలి గానీ, పట్టుకుని వేళ్ళాడకూడదు. ఈ డేటాబేసుకు పై అధికారి లేడు సార్, అంది హైమ. అయితే ఏర్పాటు చేయండని, ఏ అర్జీనీ ఒకేచోట మళ్ళీ పెట్టరాదని రెండో మెమో ఇచ్చారు.

వారం తిరిగేలోగా రెండో సర్వరు వచ్చింది. దానికి అప్పీలు సర్వరని పేరు పెట్టారు. మొదటి సర్వరు జవాబు చెప్పకపోతే ప్రశ్న అక్కడికి పోతుంది. అప్పీలు వినేవాడికి కింది స్థాయి సమాచారం ముందే తెలిసి ఉండడం నిష్పాక్షికతకు భంగం గనక అందులో ఏ సమాచారమూ పెట్టనివ్వలేదు. ఏ సమాచారమూ లేదు గనక అది వచ్చిన ప్రతి అప్పీలునూ కొట్టేసింది. అదీ ఒక్క క్షణంలో. దాని పనితీరు పట్ల ప్రత్యేకాధికారిగారు లిఖితపూర్వకంగా సంతృప్తి వ్యక్తం చేశారు.

ఇప్పుడు సగం ఫోన్లకు కబురే రావడం లేదు. జనం ఆఫీసుకొచ్చి మీద పడ్డారు. నిన్న ఉదయం ఆరుంబావుకు మా ట్యాంకరు ఎక్కడుందో చూపించండని ఒక పెద్దాయన పట్టుబట్టాడు. విశ్వంభరరావుగారు ఆ రికార్డు తెమ్మన్నారు. లేదంది హైమ. ట్యాంకరు ఎక్కడుందన్న సంగతికి ముప్ఫై సెకన్లే ఆయుష్షు, ఆ తర్వాత అది దానంతటదే చెరిగిపోతుంది, కొత్త సంగతి వచ్చాక పాతదానితో పని లేదు కదా, అని వివరించింది.

ఆయన కుర్చీలోంచి లేచారు. ప్రభుత్వ రికార్డును ధ్వంసం చేయాలంటే ఒక కమిటీ ఉండాలి, ఆ కమిటీ తీర్మానించాలి, మూడేళ్ళు నిండాలి, రిజిస్టర్లో ఎక్కాలి, ఆ తర్వాత తగలబెట్టాలి. ఈ ఆఫీసులో ముప్ఫై సెకన్లకోసారి ఎనభై రికార్డులు ధ్వంసమవుతున్నాయి, అదీ కమిటీ లేకుండా. ఇన్నాళ్ళూ ఈ ఊరు ఎలా నిలబడి ఉందో ఆయనకు అంతుబట్టలేదు.

మూడో మెమోతో ఆ ముప్ఫై సెకన్ల గడువు మూడేళ్ళయింది. ట్యాంకర్లు ఐదు సెకన్లకోసారి చెప్పే ప్రతి మాటా మెమరీలో పేరుకోసాగింది. ఒకే ట్యాంకరు గురించి వందల జవాబులు ఉన్నప్పుడు ఏది చెప్పాలని హైమ అడిగింది. ఆమె వెటకారంగా అడిగిందో, అమాయకంగా అడిగిందో ఆమెకే తెలియదు. సీనియారిటీ ప్రకారం పోవాలని ఆయన జవాబిచ్చారు. ముందుగా నమోదైనదానికి ముందు అవకాశం.

దాంతో గురువారం నాడు దిబ్బలమెట్ట జనం ఫోన్లలో మంగళవారం ట్యాంకరు వచ్చింది. అందరూ బిందెలతో దిగారు. కింద రోడ్డు ఖాళీ. ఎండెక్కేదాకా నిలబడి, తిట్టుకుంటూ పైకెక్కారు. వాళ్ళు పైకి చేరుతుండగా గురువారం ట్యాంకరు వచ్చి, పది నిమిషాలు ఆగి, మనుషులెవరూ లేరని వెళ్ళిపోయింది. నూకరత్నానికి రెండో లేటు గుర్తు పడింది.

ఆ రాత్రి అన్నం దగ్గర పిన్ని ఎప్పటిలాగే అడిగి అడిగి వడ్డించింది. ఏమైనా అంటే హైమకు కాస్త నయంగా ఉండేది. తను కట్టిన మేడ తన కళ్ళ ముందే ఒక్కొక్క ఇటుకా ఊడబీకుతుంటే, ఇటుకలు అందిస్తున్నది కూడా తనేనని తలుచుకుని ఆ పిల్ల కంచం ముందునుంచి లేచిపోయింది. ఉద్యోగం మానేద్దామా అనుకుంది. మానేస్తే ఆ తెర ముందు కూర్చుని మళ్ళీ ఎప్పుడైనా సరిచేయగలిగే మనిషి ఒక్కరు కూడా ఉండరు. అదీగాక పిన్ని పని పోతే ఇంట్లోకి వచ్చేది తన జీతం ఒక్కటే.

నాలుగో మెమో జవాబుదారీతనం గురించి. మంగళవారం ట్యాంకరును గురువారం చూపించిన కనెక్షను ఏదో తేల్చమంటే తేలలేదు. ప్రతిదీ పని కాగానే రిలీవై పోతోంది కదా, ఎవర్ని పట్టుకుంటారు? కనుక ఇకపై విధుల్లో చేరే ప్రతి కనెక్షనూ జాయినింగ్ రిపోర్టు సమర్పించాలి, దానికి ఇన్వర్డు నంబరు వేయించుకోవాలి, అప్పుడే లోపలికి పోవాలి. నంబరు వేసే అధికారం సూపరింటెండెంటు లక్కోజు సోమేశ్వరరావుకు దఖలు పరచడమైనది.

సోమేశ్వరరావుది ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. అందులో ఒక్క కాగితాన్నీ నంబరు లేకుండా ముట్టుకోలేదని పేరు. ఆయన బల్ల మీద ఒక కంప్యూటరు పెట్టారు. కనెక్షను జాయినింగ్ రిపోర్టు తెర మీదికి రాగానే ఆయన రిజిస్టర్లో నంబరు రాసుకుని, అదే నంబరు తెర మీద కొట్టి, 'అనుమతించడమైనది' అన్న చోట నొక్కాలి. మొదటి రోజు లంచ్ వేళకు మూడువందల పన్నెండు కనెక్షన్లను విధుల్లోకి తీసుకుని, బొటనవేలు వాచి, వేడినీళ్ళలో ముంచుకుని కూర్చున్నాడు. ఇన్ని జాయినింగులు రాష్ట్రం మొత్తమ్మీద ఒక ఏడాదిలో కూడా జరగవనీ, ఒక్కళ్ళైనా స్వీటు పెట్టలేదనీ హైమతో అన్నాడు.

అయితే సూపరింటెండెంటు ఆఫీసుకు వచ్చేది పదిన్నరకు. ట్యాంకర్లు వచ్చేది ఆరింటికి. పొద్దుటి ప్రశ్నలన్నీ పదిన్నర దాకా గుమ్మం బయట నిలబడి, తర్వాత వరసగా నంబర్లు వేయించుకుని, సాయంత్రం నాలుగు గంటలకు జవాబులు పట్టుకెళ్ళేవి. నాలుగింటికి మెట్ట మీద ఫోన్లన్నీ కలిసి కూస్తుంటే చంటిపిల్లలు నిద్రలేచేవారు. తల్లులు ఫోన్లను బియ్యం డబ్బాల్లో దాచేశారు.

ఇక లాభం లేదని నూకరత్నం ఒకరోజు వీధిలో ఆడవాళ్ళందరినీ కూడేసింది. రైల్వే గేటు దగ్గర్నుంచి మెట్ట పైదాకా మలుపు మలుపుకూ ఒక మనిషి చొప్పున తొమ్మిదిమంది కూర్చోవాలని ఏర్పాటు చేసింది. ట్యాంకరు గేటు దగ్గర ఆగగానే మొదటి మనిషి కేకేస్తుంది. రెండో మనిషి అందుకుంటుంది. అలా పైదాకా. కూర్చున్నవాళ్ళ వంట మిగతావాళ్ళు చూస్తారు. రోజుకు తొమ్మిదిమంది, వంతుల ప్రకారం. మొదటి రోజునే కేక ముప్పావు నిమిషంలో పైకి చేరింది. ఇరవై నిమిషాలూ తిరిగి చేతికొచ్చాయి. నూకరత్నానికి ఆ వారం లేటు గుర్తు పడలేదు. రెండుంటే రెండే.

మిగతా కాలనీలన్నీ ఆఫీసు మీద దండెత్తుతుంటే దిబ్బలమెట్ట నుంచి ఫిర్యాదులు సున్నా అయ్యాయి. విశ్వంభరరావుగారు ఆ సున్నాను చూసి మురిసిపోయారు. తన సంస్కరణలు మొదట ఫలించిన ఆ ఆదర్శ కాలనీని స్వయంగా పరిశీలించాలని, ఫోటోగ్రాఫరునూ హైమనూ వెంటబెట్టుకుని ఒక పొద్దున ఆరింటికి జీపు దిగారు.

దిగగానే మెట్ల మీద ఒకావిడ కూర్చుని కనిపించింది. ఇంకాస్త పైన ఇంకొకావిడ, ఆ పైన మరొకావిడ. రోడ్డు వైపు కూడా అలాగే. చేతుల్లో పని లేదు. ఒకావిడ కొంగుతో విసురుకుంటోంది. ఆయన చూపుడువేలు గాల్లో ఆడిస్తూ లెక్కపెట్టారు. తొమ్మిదిమంది. ఆయన నేరుగా దగ్గరున్నావిడ ముందుకు పోయి నిలబడ్డారు. ఆవిడ నూకరత్నమే.

ఇలా ఖాళీగా ఎందుకు కూర్చున్నారని అడిగారు. ట్యాంకరు కోసమని ఆవిడ చెప్పింది. ట్యాంకరు వచ్చినప్పుడే ఎవరినో ఒకరిని పిలిచి, కేక వేయించి, పంపించేస్తే సరిపోతుంది కదా, ఈ తొమ్మిదిమందీ పొద్దుటినుంచీ ఇక్కడ వ్యర్థం కావడం దేనికని ఆయన వివరంగా అడిగారు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

నూకరత్నం ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"కూకున్నోలు లేపోతే, పిలిస్తే ఎవులు పలుకుతారు బాబూ?" అంది.

సరిగ్గా అప్పుడే గేటు వైపునుంచి కేక వచ్చింది. నూకరత్నం కూర్చున్న చోటునుంచి లేవకుండానే పైకి అరిచింది. కేక మెట్ల మీదుగా పైకి పోయింది. క్షణాల మీద పైన తలుపులు తెరుచుకున్నాయి, బిందెలు చప్పుడు చేశాయి. ఆయన చేతి గడియారం చూసుకున్నారు. హైమకు ఏడుపొచ్చినంత పనైంది. నెల రోజులుగా తను చెప్పలేకపోయిన మాటను పిన్ని ఒక్క ముక్కలో చెప్పింది, అది ఆయన చెవినపడింది. జీపు దిగి ఆఫీసు మెట్లెక్కుతూ ఆయన, ఇది అద్భుతమైన వ్యవస్థ అమ్మా అన్నారు.

మర్నాడు ఐదో మెమో వచ్చింది. హైమ దాన్ని ఆశగా చదవడం మొదలుపెట్టింది.

"దిబ్బలమెట్ట యందలి తొమ్మిది సజీవ కనెక్షన్ల పనితీరు మిక్కిలి ప్రశంసనీయము. అయితే ఇవి ఇంతవరకూ ఎట్టి అనుమతియు లేక పనిచేయుచున్నట్లు గమనించడమైనది. కావున వీటిని విభాగపు పరిధిలోనికి తీసుకొనడమైనది. ఇకపై ప్రతి కేకకును సూపరింటెండెంటు ద్వారా ముందుగా ఇన్వర్డు నంబరు పొందవలెను. నంబరు లేని కేక వేసిన యెడల సదరు కాలనీకి ట్యాంకరు నిలిపివేయబడును." కింద ఇంకో వాక్యం. నంబరు వేయడానికి ముందు సూపరింటెండెంటు ప్రత్యేకాధికారి మౌఖిక ఆమోదం పొందాలట.

సూపరింటెండెంటు సోమవారం పొద్దున ఐదున్నరకల్లా రైల్వే గేటు దగ్గర హాజరు కావాలి. సాంకేతిక సహాయానికి హైమ పక్కన ఉండాలి. మెట్టంతా ఈ కబురు ఆదివారమే పాకింది. ఒక్క కేక తప్పితే ట్యాంకరే పోతుందంటే ఎవరికి ధైర్యం వస్తుంది? సోమవారం మొదటి వంతు నూకరత్నానిది. ఎవరైనా మార్చుకుంటారా అంటే ఎవరూ ముందుకు రాలేదు. కాదనలేక ఆవిడే వచ్చి కూర్చుంది.

సోమేశ్వరరావు బల్ల, కుర్చీ, గొడుగు, రిజిస్టరు, స్టాంపు ప్యాడుతో సహా వచ్చాడు. వాచిన వేలికి గుడ్డ చుట్టుకున్నాడు. మొదటి పేజీలో తేదీ వేసి, కింద ఎర్ర గీత గీసుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆరు దాటింది. ఆరున్నర దాటింది. రోడ్డు పొడుగునా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. ఆరూ ముప్పావుకు గేటు పడింది. గేటుకవతల ఆటోల వెనకాల ట్యాంకరు వచ్చి ఆగింది.

నూకరత్నం లేచి నిలబడి సూపరింటెండెంటు కేసి చూసింది. ఆయన ఫోను తీసి ప్రత్యేకాధికారికి చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఆ వేళప్పుడు ప్రత్యేకాధికారిగారు యోగాసనాల్లో ఉంటారనీ, ఎనిమిది దాకా ఫోను ముట్టరనీ ఆఫీసులో అందరికీ తెలుసు. మూడోసారి చేసి, అర్జీని మళ్ళీ మళ్ళీ పెట్టకూడదన్న మెమో గుర్తొచ్చి కాబోలు, ఫోను బల్ల మీద పెట్టేశాడు.

రైలు వచ్చింది. గూడ్సు. ఒక్కొక్క పెట్టే దాటుతోంది. అది దాటిపోతే గేటు తెరుచుకుంటుంది, ట్యాంకరు మెట్ట కిందికి పోతుంది, పది నిమిషాలు ఆగి వెళ్ళిపోతుంది. పైన ఒక్కరికీ తెలియదు, బిందెలన్నీ పైనే ఉన్నాయి. నూకరత్నం బోరింగుకు పోవాల్సిందే, మూడో గుర్తు పడాల్సిందే. హైమ పిన్ని చెయ్యి పట్టుకుంది. కేకెయ్ పిన్నీ, ఏమైతే అదవుతుంది, అందామని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోరు మెదపలేకపోయింది. తన పిన్ని ఒక్కర్తి కోసం మెట్టంతటికీ నీళ్ళు పోగొట్టే హక్కు ఆమెకు లేదు.

నూకరత్నం బల్ల దగ్గరకొచ్చింది. గొంతు పెంచలేదు.

"బాబూ, ఆ నంబరేదో ఏసీవా. నాకు ఎనిమిదింటికి గేటు ఏసెత్తారు."

సోమేశ్వరరావు రిజిస్టరు కేసి చూశాడు, ఫోను కేసి చూశాడు. ఆమోదం లేనిదే నంబరు లేదు. నంబరు లేనిదే కేక లేదు. రైలు తోక కనిపిస్తోంది. ఆయన మెల్లిగా పెన్ను మూత పెట్టాడు. రిజిస్టరు మూశాడు. కుర్చీలోంచి లేచి, పంచె సర్దుకుని, రోడ్డు మధ్యకు నడిచాడు. రెండు చేతులూ నోటి పక్కన పెట్టుకుని, ఆఫీసులో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో అరిచాడు.

"ఓలమ్మా, టేంకరొచ్చీసింది. బిందిలట్టుకు దిగండే."

రెండో మలుపు దగ్గర కూర్చున్నావిడ ఒక్క క్షణం ఆగింది. అది ఆడవాళ్ళ కేక కాదు. సాక్షాత్తూ సూపరింటెండెంటు వేసిన కేక. అధికారి చెప్పిన మాటను కిందికి గానీ పైకి గానీ అందించడం ఏ మెమో ప్రకారమూ తప్పు కాదు. ఆవిడ అందుకుంది. మూడో ఆవిడ అందుకుంది. కేక రోడ్డు దాటి, మెట్లెక్కి, మెట్ట పైకి పోయింది. నూకరత్నం అప్పటికే పరుగులాంటి నడకతో సగం దూరం పోయింది. హైమ నవ్వుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. అలా ఎందుకు చేస్తోందో సోమేశ్వరరావుకు అర్థం కాలేదు. ఎంతసేపట్లో పైకి చేరిందని మాత్రం అడిగాడు. నలభై సెకన్లని చెబితే, ముప్ఫై ఒక్క ఏళ్ళలో తను పంపిన ఏ కాగితమూ అంత తొందరగా ఎక్కడికీ చేరలేదన్నాడు.

నూకరత్నం ఎనిమిదికి నాలుగు నిమిషాల ముందు కంపెనీ గేటు దాటింది.

పదకొండింటికి ఆరో మెమో వచ్చింది. ఇన్వర్డు నంబరు గానీ, మౌఖిక ఆమోదం గానీ లేకుండా నడిరోడ్డున కేక వేసినందుకు మీ మీద ఎందుకు చర్య తీసుకోరాదో ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది. సోమేశ్వరరావు ఇరవై నాలుగు గంటలు తీసుకోలేదు. తెల్లకాగితం తీసి, గుడ్డ చుట్టిన వేలితోనే పెన్ను పట్టుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

"తమరి మెమో అందినది. ట్యాంకరు వచ్చిన సమయమున నేను అక్కడ ఖాళీగా కూర్చుని ఉంటిని. అందువల్లనే వెంటనే పలుకగలిగితిని అని మనవి."

దానికి ఇన్వర్డు నంబరు వేసి, పెద్ద తెర ఉన్న గదిలోకి తనే తీసుకెళ్ళి ఇచ్చాడు.